రోజువారీ సామాను కొనేటప్పుడు చూడవలసినవి

కాజీపేటలో రైలు దిగి హనుమకొండకు బస్సులో వెళ్లే ఉద్యోగి సంచి కొనేటప్పుడు ముందుగా చూడవలసింది రంగును కాదు, పట్టీ సంచిని కలిసే చోట ఉన్న కుట్టును. అక్కడ చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా మళ్లీ కుట్టి ఉంటే బరువంతా ఒకేచోట పడదు; ఒంటి వరుస కుట్టు మాత్రమే ఉన్న సంచి ఎంత అందంగా ఉన్నా, రోజూ టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా మోస్తే పట్టీ త్వరగా ఊడుతుంది (నాది బస్సు మెట్ల మీదే ఊడి పప్పుచారు ఒలికింది). జిప్పును దుకాణంలోనే పదిసార్లు లాగి చూడాలి. ఇంట్లో పరుచుకోవడానికైతే 2018లో భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతానికి ప్రత్యేకమైన వస్తువుకు ఇచ్చే జీఐ గుర్తు) పొందిన వరంగల్ జంపఖానాలలో, మందంగా, రెండు వైపులా ఒకే తీరుగా నేసినదాన్ని ఎంచుకోవాలి. ఒక వైపు మాసినప్పుడు తిప్పి పరచవచ్చు.