ఇన్వర్టర్ బ్యాటరీ బ్యాకప్ తగ్గితే: సమస్య - పరిష్కారం

నెల్లూరు జిల్లాలో ఎండలు ముదిరాక, బ్యాకప్ రావడం లేదని పాత బ్యాటరీని ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చి కొత్తది తెచ్చుకునేవారు కనిపిస్తుంటారు. లోపం ఎక్కడుందో ముందుగా తేల్చుకోవడానికి, యాసిడ్ నీటికన్నా ఎన్ని రెట్లు బరువో చూపే ఒక హైడ్రోమీటర్, వోల్టేజి కొలిచే ఒక మల్టీమీటర్ చాలు. బ్యాటరీలో సెల్‌లనే ఆరు గదులుంటాయి. ఒక్కో సెల్‌లో ఒక ప్లేటు సీసం, రెండోది లెడ్ డయాక్సైడ్, వాటి మధ్య సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి. ఫ్యాను తిరుగుతున్నంతసేపు బయట తీగలో ఎలక్ట్రాన్లు, లోపల యాసిడ్‌లో అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) కదులుతూ ఉంటాయి. యాసిడ్‌లోని సల్ఫేట్ రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్‌గా చేరుతుంది కనుక యాసిడ్ పలచబడుతుంది. ఛార్జింగ్‌లో ఇదంతా వెనక్కి జరుగుతుంది.

ఇన్వర్టర్లకు ఎక్కువగా వాడే ట్యూబులర్ రకం బ్యాటరీ నిండుగా ఛార్జయినప్పుడు హైడ్రోమీటర్ 27 డిగ్రీల వద్ద సుమారు 1.240 చూపాలి. దానికి 0.84 కలిపితే సెల్ వోల్టేజి 2.08 వస్తుంది; ఆరు సెల్‌లకు దాదాపు 12.5 వోల్టులు. ఛార్జింగ్ ఆపి రెండు మూడు గంటలయ్యాకే కొలవాలి. యాసిడ్ 37 డిగ్రీల్లో ఉంటే రీడింగుకు 0.007 కలుపుకోవాలి.

ఫ్యాన్లు కాసేపు తిరిగి ఆగిపోతాయి, అరగంట తర్వాత మళ్ళీ తిరుగుతాయి

ప్లేట్ల సన్నని రంధ్రాల్లో ఉన్న యాసిడ్ ముందుగా ఖర్చవుతుంది. బయటి యాసిడ్‌లోని అయాన్లు ఆ రంధ్రాల్లోకి వ్యాపించడానికి సమయం పడుతుంది కనుక, పెన్న ఇసుకలో తీసిన చెలమ తోడినంత వేగంగా ఊరనట్టే, పెద్ద లోడు కింద వోల్టేజి పడిపోయి, కాసేపు ఆపితే కోలుకుంటుంది. మిక్సీ, ఫ్రిజ్ ఇన్వర్టర్ లైను నుంచి తీసేసి చూడాలి. ఒక్క ఫ్యానుకే ఇలా జరుగుతూ, రాత్రంతా ఛార్జ్ చేసినా అన్ని సెల్‌ల రీడింగూ 1.200 దాటకపోతే, చాలాకాలం డిశ్ఛార్జ్‌లో వదిలేసినందువల్ల లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారి రంధ్రాలను మూసేసిందని అనుమానించాలి. తొలిదశలో తక్కువ కరెంటుతో ఎక్కువసేపు ఛార్జ్ చేస్తే కొంత తేరుకుంటుంది, ముదిరితే తేరుకోదు. దాన్ని కరిగిస్తామంటూ అమ్మే ద్రావణాల మీద డబ్బు పెట్టమని నేను చెప్పలేను.

ఐదు సెల్‌లు సరిగా ఉండి ఒక్కటే బాగా తక్కువ చూపితే ఆ సెల్ లోపల షార్ట్ అయి ఉండవచ్చు. దానికి ఇంట్లో చేయగలిగిన వైద్యం లేదు.

వాడకపోయినా ఛార్జ్ దిగిపోతుంది

ఇక్కడ ముందుగా అడగవలసినది ఏ నీళ్ళు పోశారన్నది. ముత్తుకూరు వైపు ఉప్పు బోరు నీళ్ళైనా, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళైనా, చివరికి తాగే ప్లాంటు క్యాను నీళ్ళైనా బ్యాటరీకి పనికిరావు. నీటిలోని ఇనుము అయాన్లు ఒక ప్లేటు దగ్గర ఎలక్ట్రాన్ ఇచ్చి రెండో ప్లేటు దగ్గర తీసుకుంటూ అటూ ఇటూ తిరుగుతాయి. బయట స్విచ్చు వేయకుండానే లోపల కరెంటు ఖర్చవుతుంది. క్లోరైడ్ పాజిటివ్ ప్లేటును తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, అదీ ఛార్జింగ్ పూర్తయ్యాక గుర్తు దాకా పోయాలి. అంతకుముందే ప్లేట్లు తేలి కనిపిస్తుంటే, అవి మునిగేంత వరకు పోసి ఛార్జ్ పెట్టాలి. మట్టం తగ్గిందని యాసిడ్ పోయకూడదు, ఎందుకంటే ఛార్జింగ్‌లో హైడ్రోజన్, ఆక్సిజన్‌గా పోయేది నీరే. ఆ హైడ్రోజన్ అంటుకుంటుంది కనుక మూతలు తీసినప్పుడు దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు.

టెర్మినల్ మీద తెల్లగానో, నీలంగానో పొడి పేరుకుంటుంది

తీగలు విప్పి, వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు సెల్‌లోకి పోకుండా చూసి, ఆరాక బిగించి వాజలీన్ రాస్తే సరిపోతుంది.