4కె ఆటలకు కంప్యూటర్: ఏది ముందు కొనాలి, దేనికి ఎంత పెట్టాలి

ఆ మధ్య మా మేనల్లుడికి కంప్యూటర్ కొనిపెట్టడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినప్పుడు, ఒక దుకాణంలో చేతికిచ్చిన కొటేషన్ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. అందులో మొదటి వరుసలో అన్నిటికంటే ఖరీదైన ప్రాసెసర్, దాని కింద అంతే ఖరీదైన మదర్‌బోర్డు, ఆ తర్వాత ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రాసి ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు ఐదో వరుసలో వచ్చింది. ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) దగ్గర కంపెనీ పేరు లేకుండా ‘750 వాట్స్’ అని, క్యాబినెట్ దగ్గర ‘ఆర్‌జీబీ’ అని మాత్రమే ఉంది. మానిటర్ ఊసే లేదు. ఆఫీసు పనులకు కొనేటప్పుడు ఆ వరుసతో వచ్చే నష్టం ఏమీ లేదు గానీ, 4కెలో ఆటలు ఆడాలనుకునేవారు ఆ కాగితాన్ని తిరగరాయించుకోవాలి: ముందు మానిటర్, దాన్నిబట్టి గ్రాఫిక్స్ కార్డు, ఆ కార్డును బట్టి ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్, వీటన్నిటికీ పోగా మిగిలిన డబ్బుతో ప్రాసెసర్.

దీనికి కారణం పిక్సెళ్ల లెక్కలోనే ఉంది. 1920×1080 తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు, 2560×1440 తెరలో 36.9 లక్షలు, 3840×2160 ఉండే 4కె తెరలో 82.9 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, రావాలంటే ఇన్నిటినీ 16.7 మిల్లీసెకన్లలో, 120 రావాలంటే 8.3 మిల్లీసెకన్లలో గీసి ముగించాలి. ఆటలో శత్రువు ఎటు నడవాలి, విసిరిన రాయి ఎక్కడ పడాలి అన్న లెక్కలు ప్రాసెసర్ చూసుకుంటుంది; తెర ఏదైనా ఆ లెక్క దాదాపు ఒకటే. నీడలు, పొగ, నీటి మీద మెరుపు గీసే పని గ్రాఫిక్స్ కార్డుది, అది పిక్సెళ్లతో పాటే పెరుగుతుంది. కాబట్టి మానిటర్‌ను పక్కన పెట్టి చూస్తే, మొత్తం ఖర్చులో సగం వరకు కార్డుకే పోయినా అది దుబారా కాదు.

మానిటర్ విషయంలో 27 అంగుళాల 4కె తెరకు అంగుళానికి దాదాపు 163 పిక్సెళ్లు, 32 అంగుళాల తెరకు 138 పిక్సెళ్లు వస్తాయి. మామూలు బల్ల ముందు కూర్చునేవారికి 32 అంగుళాలే నయమని నా అభిప్రాయం. 27లో అక్షరాలు మరీ చిన్నవై విండోస్‌లో స్కేలింగ్ పెంచుకోవలసి వస్తుంది. వెనకనున్న పోర్టులను తప్పక చూడాలి. హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు 4కెను సెకనుకు 60 సార్లకు మించి చూపలేదు. 120 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 గానీ, డిస్‌ప్లేపోర్ట్ 1.4 లేదా ఆపై రకం గానీ ఉండాలి. హాల్లోని పాత టీవీకి కొత్త కంప్యూటర్ తగిలించి, ఆట 60 దగ్గరే ఆగిపోయిందని కార్డును తిట్టుకునేవారు కనిపిస్తుంటారు. ఓఎల్‌ఈడీ తెరల నలుపు, వేగం చూస్తే మరొకటి నచ్చదన్నది నిజమే గానీ, అదే తెర మీద పగలంతా ఎక్సెల్ తెరిచి ఆఫీసు పని చేసేవారు, కదలని గీతలు కాలక్రమంలో తెర మీద మచ్చగా మిగిలే ప్రమాదం ఉంటుందని తెలుసుకుని కొనాలి.

ఇక అసలు ఖర్చు కార్డు దగ్గర ఉంది. 2025లో వచ్చిన తరంలో 4కెకు తగినవాటిని చూస్తే, అడుగున ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5070 టీఐ, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ ఉన్నాయి. రెండింటికీ 16 జీబీ మెమరీ ఉంది, రెండూ దాదాపు 300 వాట్లు తీసుకుంటాయి. వాటిపైన 16 జీబీ మెమరీతో, 360 వాట్లతో ఆర్‌టీఎక్స్ 5080, ఆ పైన 32 జీబీ మెమరీతో, 575 వాట్లతో 5090 ఉన్నాయి. చివరిదాన్ని ఆటల కోసం మాత్రమే కొనమని నేను ఎవరికీ చెప్పను. మధ్యతరగతి ఇంట్లో ఆ డబ్బుకు మిగతా కంప్యూటర్ మొత్తం వచ్చి, ఇంకా మిగులుతుంది.

కార్డు పేరు కంటే ముందు దాని మెమరీ ఎంతో అడగాలి. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ అన్న ఒకే పేరుతో 8 జీబీ కార్డు, 16 జీబీ కార్డు రెండూ అమ్ముతారు కనుక పెట్టె మీది అంకె కళ్లారా చూసుకోవాలి. మెమరీ చాలకపోతే ఏమవుతుందో 5080 లెక్కతో చూద్దాం: దాని సొంత మెమరీ సెకనుకు 960 జీబీ వేగంతో సమాచారం అందిస్తుంది, అక్కడ చోటు లేక మదర్‌బోర్డు మీది ర్యామ్ నుంచి తెచ్చుకోవలసి వస్తే, కార్డును మదర్‌బోర్డుతో కలిపే పీసీఐ 5.0 దారిలో సెకనుకు 63 జీబీకి మించి రాదు. అంటే ఏకంగా పదిహేనో వంతు. సగటు ఫ్రేముల సంఖ్య బాగానే కనిపిస్తున్నా, వీధి మలుపు తిరిగినప్పుడల్లా ఆట ఒక్క క్షణం బిగుసుకుపోవడానికి తరచుగా కారణం ఇదే. 4కెకు 8 జీబీ కార్డు వద్దు. 12 జీబీ ఇవాళ ఎలాగో నెట్టుకొస్తుంది. కొత్తగా కొనేవారు 16 జీబీ కంటే దిగకూడదు.

ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్, ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి అప్‌స్కేలింగ్ (తక్కువ పిక్సెళ్లతో గీసి పెంచి చూపే) పద్ధతులను చిన్నచూపు చూడనక్కరలేదు. 4కె తెర మీద డీఎల్‌ఎస్‌ఎస్‌ను ‘క్వాలిటీ’లో పెడితే కార్డు నిజానికి 1440పిలో (2560×1440), ‘పెర్ఫార్మెన్స్’లో పెడితే 1080పిలో గీసి, దాన్ని 4కెకు పెంచి చూపుతుంది, 32 అంగుళాల తెర మీద క్వాలిటీకీ అసలుకీ తేడా కనిపెట్టడానికి నాకైతే బొమ్మను ఆపి చూడవలసి వచ్చింది. ఫ్రేమ్ జనరేషన్ సంగతి వేరు. అది రెండు నిజమైన ఫ్రేముల మధ్య కల్పించిన ఫ్రేములను చొప్పిస్తుంది కనుక బొమ్మ నునుపుగా కదులుతుంది గానీ, మౌస్ కదిపిన దానికి ఆట స్పందించే వేగం పెరగదు. ప్రకటనల్లో కనిపించే 200, 240 అంకెల్లో కల్పించినవి ఎన్నో విడదీసి చూశాకే రెండు కార్డులను పోల్చాలి.

ప్రాసెసర్‌కు వస్తే, ఏఎండీ ఏఎం5 సాకెట్‌లో (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు రకం) ఆరు కోర్ల రైజెన్ 5 9600ఎక్స్ 4కెలో చాలా ఆటలకు సరిపోతుంది. ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) దానికి 32 ఎంబీ అయితే, ఆటలకు మంచి పేరున్న రైజెన్ 7 9800ఎక్స్3డీకి 96 ఎంబీ. కాబట్టి నగరాలు కట్టే ఆటలు, వందల పాత్రలు ఒకేసారి కదిలే ఆటలు, పోటీ షూటర్లు ఆడేవారికి అది పనికొస్తుంది. తక్కినవారు ఆ తేడా డబ్బును కార్డుకు మళ్లించడం మేలు. పాత కంప్యూటర్‌లో కార్డు ఒక్కటే మార్చాలా, అన్నీ మార్చాలా అని తేల్చుకోలేనివారు ఒక పరీక్ష చేయవచ్చు: ఆటలో రిజల్యూషన్‌ను 4కె నుంచి 1080పికి దించాలి. ఫ్రేములు బాగా పెరిగితే ఇరుకు కార్డు దగ్గర ఉంది. దించినా అంకె కదలకపోతే ప్రాసెసర్ దగ్గర ఉంది.

మదర్‌బోర్డుకు బీ650 లేదా బీ850 తరగతి చాలు. ర్యామ్ 32 జీబీ తీసుకోవాలి, అదీ 16 జీబీ స్టిక్కులు రెండు. నాలుగు స్టిక్కులు పెడితే ఈ ప్రాసెసర్లకు ఏఎండీ హామీ ఇచ్చే వేగం డీడీఆర్5-3600కు పడిపోతుంది. రెండింటితోనైతే డీడీఆర్5-6000, సీఎల్30 (ర్యామ్ స్పందించడంలో ఆలస్యాన్ని చెప్పే అంకె) రకం హాయిగా నడుస్తుంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కనుక ఆటల కోసం 64 జీబీకి వెళ్లడం అనవసరం. ఎస్‌ఎస్‌డీకి జెన్4 (పీసీఐ 4.0) రకంలో 2 టీబీ తీసుకోవాలి, ఎందుకంటే ఒక్కో పెద్ద ఆటే 100 జీబీ దాటుతోంది. జెన్5 వేగం ఆటల్లో కంటికి కనిపించదు.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం బేరం పనికిరాదు. 5080కి 850 వాట్లు, 5090కి 1000 వాట్లు ఉండాలని ఎన్విడియాయే చెబుతోంది. మామూలు వాడకం లెక్కగడితే 5080 తీసుకునే 360కి ప్రాసెసర్ 120, తక్కినవి మరో 80 కలిపి 560 వాట్లే కదా అనిపిస్తుంది గానీ, కార్డులు అప్పుడప్పుడు రెప్పపాటు కంటే తక్కువ కాలం అంతకు మించి లాగుతాయి. ఆ తాకిడిని, ఎస్‌ఎంపీఎస్ మొత్తం సామర్థ్యానికి రెట్టింపు వరకు, 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలన్న నియమం ఏటీఎక్స్ 3.0 అనే ఎస్‌ఎంపీఎస్ ప్రమాణంతో వచ్చింది. కనుక ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కొన్న కొందరి కార్డుల్లో కరెంటు అందించే 16 పిన్నుల కనెక్టరు కరిగిపోయింది. తర్వాత దాన్ని సవరించి 12వీ-2×6గా తెచ్చారు. ఏ రకమైనా, ప్లగ్గును సందు లేకుండా లోపలికంటా నొక్కాలి, కనెక్టరు దాటిన మూడు నాలుగు సెంటీమీటర్ల వరకు తీగను వంచకూడదు.

కరెంటు విషయంలో నేనూ దెబ్బ తిన్నాను. కొత్త కంప్యూటర్‌కు ఇంట్లో పాత 600 వీఏ యూపీఎస్ తగిలించి నిశ్చింతగా ఉన్నాను. మొదటిసారి కరెంటు పోగానే అది కీచుమని అరిచి, కంప్యూటర్‌తో సహా ఆరిపోయింది. తిప్పి చూస్తే వెనక స్టిక్కరు మీద చిన్న అక్షరాల్లో ‘360 వాట్స్’ అని ఉంది. యూపీఎస్‌లో వీఏ ఒక అంకె, వాట్లు మరో అంకె. మనకు కావలసింది రెండోది. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా లాగే ఏర్పాటు) ఉండే మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు ప్యూర్ సైన్ వేవ్, అంటే నునుపైన తరంగం ఇచ్చే, యూపీఎస్ ఉత్తమం, ఎందుకంటే చౌక యూపీఎస్‌ల మెట్లమెట్ల తరంగంతో కొన్ని మొరాయిస్తాయి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవారు దాన్ని, కరెంటు పోగానే వేగంగా బ్యాటరీకి మారే ‘యూపీఎస్ మోడ్’లో పెట్టాలి, ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలదొక్కుకునేది సెకనులో దాదాపు అరవయ్యో వంతు మాత్రమే.

రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిని ఊహించుకుని క్యాబినెట్ ఎంచుకోవాలి. గది వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి భాగాల వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. ముందు వైపు అద్దం బిగించినవి చూడముచ్చటగా ఉంటాయి గానీ గాలి పీల్చవు. జాలీ ముఖం, తీసి కడుక్కోగలిగే దుమ్ము ఫిల్టరు ఉన్నది తీసుకోవాలి. కొలత కూడా ముఖ్యమే. ముందు ఏమీ బిగించనప్పుడు కార్డుకు 360 మి.మీ. చోటు ఉందని రాసిన క్యాబినెట్‌లో, ముందు వైపున లిక్విడ్ కూలర్ తాలూకు 27 మి.మీ. రేడియేటరు, 25 మి.మీ. ఫ్యాన్లు పెడితే మిగిలేది 308 మి.మీ. మాత్రమే, పెద్ద కార్డులు అంతకంటే పొడవుంటాయి. 9600ఎక్స్‌కే కాదు, 9800ఎక్స్3డీకి కూడా మంచి టవర్ ఎయిర్ కూలర్ సరిపోతుంది కనుక ఈ చిక్కు తప్పించుకోవచ్చు.

అమెరికాలో ఉన్న బావగారో అక్కయ్యో వస్తూ కార్డు తెస్తామంటే, ముందు ఆ కంపెనీ వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో కనుక్కోవాలి. చాలా కంపెనీలవి కొన్న దేశానికే పరిమితం. ఇక్కడ కొంటే ప్రతి భాగం సీరియల్ నంబరు జీఎస్‌టీ బిల్లులో ఎక్కిందో లేదో చూసుకోవాలి, పెట్టెలు విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీసుకోవాలి.

బిగింపు అయ్యాక మూడు చోట్ల చూడాలి. మానిటర్ తీగ మదర్‌బోర్డు వెనక పోర్టుకు కాక గ్రాఫిక్స్ కార్డు పోర్టుకే ఉండాలి. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల తెర) ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేయాలి, లేకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటును (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే అంకె, హెర్ట్జ్‌లలో) మానిటర్ గరిష్ఠ అంకెకు మార్చాలి. మా మేనల్లుడు 144 హెర్ట్జ్ మానిటర్‌ను మూడు వారాలు 60లోనే వాడి, ‘అంత తేడా ఏం లేదు మావయ్యా’ అన్నాడు.