పాత బుల్లెట్ 350, అరవై దాటిన మోకాళ్లు: సమస్య - పరిష్కారం

రిటైరయ్యాక బయటికి తీసే బుల్లెట్ రోడ్ల మీద తిరిగి అరిగిపోయింది కాదు, ఎక్కువ భాగం ఊరికే నిలబడి పాడైంది. పాయింట్ల (స్పార్కు కోసం కరెంటును కలిపి తెంచే జత లోహపు బిళ్లలు) మీద తుప్పు, కార్బురేటర్‌లో జిగురు, క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కోవడం, ఇంజిన్ అడుగుకు దిగిన ఆయిల్: ఇవన్నీ పార్కింగ్‌లో పుట్టే జబ్బులే. ఇక్కడ చెప్పేది కాస్ట్ ఐరన్ ఇంజిన్, పాయింట్లు, కుడికాలి కింద గేరు, నాలుగు గేర్లు ఉన్న 346 సీసీ బండి గురించి. తర్వాత వచ్చిన యూనిట్ ఇంజిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండే) బుల్లెట్లకు ఇందులో సగం వర్తించదు.

ఒక్క నియమం: ఒకసారికి ఒక్కటే మార్చండి. పాయింట్లు, ప్లగ్గు, జెట్టు (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రం) మూడూ ఒకే పూట మార్చితే బండి స్టార్టవుతుంది గానీ జబ్బేమిటో తెలియదు. అరకు ఘాట్‌లో అదే మళ్లీ వస్తుంది.

నెల ఆగింది, ఎంత కొట్టినా స్టార్టవ్వదు

కిక్ కొట్టేముందు అమ్మీటర్ (కరెంటు రాకపోకలు చూపే ముల్లు డయల్) చూడండి. తాళం తిప్పి, లైట్లు ఆపి, కిక్ లీవర్‌ని చేత్తో నెమ్మదిగా నొక్కండి. పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు కాస్త వాలాలి, తెరుచుకున్నప్పుడు మధ్యకు రావాలి. బుల్లెట్ మీకు ఉచితంగా ఇచ్చే టెస్టర్ ఇదే.

ముల్లు అసలు కదలకపోతే కరెంటు పాయింట్ల దాకా రావడం లేదు, లేదా పాయింట్ల మీద తుప్పు పొర కట్టింది. ముందు బ్యాటరీ టెర్మినళ్లు, ఫ్యూజు, ఆ తర్వాత పాయింట్లు చూడండి. ముల్లు మైనస్‌లోనే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, గ్యాప్ మూసుకుపోయింది. ముల్లు సక్రమంగా ఊగుతున్నా బండి లేవకపోతే అనుమానం ప్లగ్గు మీద, కాయిల్ (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది) మీద, కండెన్సర్ (పాయింట్ల దగ్గర మెరుపును అణిచేది) మీద.

పాయింట్లు శుభ్రం చేసేటప్పుడు గరుకు కాగితంతో బరబరా రుద్దకండి. బాగా సన్నని ఉప్పుకాగితం ముక్కను మడిచి రెండు పాయింట్ల మధ్య పెట్టి రెండుమూడుసార్లు లాగితే చాలు. ఆ తర్వాత పెట్రోల్‌లో తడిపిన గుడ్డ, చివరగా పొడి తెల్లకాగితం. ఆ కాగితం నల్లగా రావడం మానేదాకా లాగాలి, లేకపోతే మిగిలిన పొడి మళ్లీ అడ్డుపడుతుంది. గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలుచని రేకు) బిగుతుగా కాకుండా, కొద్దిగా పట్టి జారుతున్నట్టు ఉండాలి. గేజ్ మీద నూనె ఉంటే అది పాయింట్లకు అంటుతుంది, ముందే తుడవండి.

పాయింట్ల ముఖం కూడా ఒకసారి దగ్గరగా చూడండి. ఒకదాని మీద చిన్న గుంట, ఎదురుదాని మీద దానికి సరిపడా బొడిపె ఉంటే తప్పు పాయింట్లది కాదు, కండెన్సర్‌ది. అది మార్చకుండా కొత్త పాయింట్లు వేస్తే అవీ త్వరలోనే అలాగే అవుతాయి.

ప్లగ్గు తీసి, లోహపు అంచు ఇంజిన్ రెక్కలకు ఆనించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టి కిక్ కొట్టి చూడండి. స్పార్కు నీలంగా, చిట్లుతున్నట్టు ఉండాలి. పసుపుగా, దారంలా ఉంటే నీరసం. ప్లగ్గు గ్యాప్ 0.5 మి.మీ. దగ్గర ఉంచండి. గ్యాప్ పెంచితే పాత కాయిల్ మోయలేదు.

చోక్ వేస్తేనే నడుస్తుంది, తీస్తే ఆగిపోతుంది

పైలట్ జెట్టు (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ ఇచ్చే చిన్న జెట్టు) మూసుకుపోయింది. ఇది దాదాపు ఖాయం. ఇథనాల్ కలిసిన పెట్రోల్ కార్బురేటర్ అడుగున ఉండే ఫ్లోట్ చాంబర్‌లో వారాల తరబడి నిలిస్తే తేలికభాగం ఆవిరై జిగురు మిగులుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా ఇ20, అంటే 20 శాతం ఇథనాల్. ఈ బండ్లు చేసిన రోజుల్లో ఆ ఊసే లేదు.

చాంబర్ విప్పి, జెట్టును కార్బ్ క్లీనర్‌తో తడిపి గాలి కొట్టండి. స్టీలు పిన్నుతో పొడిస్తే రంధ్రం పెద్దదై మైలేజీ పోతుంది. తప్పదనుకుంటే కరెంటు తీగలోంచి ఒక్క రాగి పోగు తీసి వాడండి. గాలి పాలు సవరించే ఎయిర్ స్క్రూ పూర్తిగా లోపలికి, మెత్తగా తగిలేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీయండి. అక్కణ్ణుంచి ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు చెవితో సవరించుకోవాలి.

ఇథనాల్ పాత రబ్బరునూ వదలదు. పెట్రోల్ పైపు మెత్తబడినా, ఉబ్బినా, వంచితే పగుళ్లు కనబడినా ఇ20కి తగిన పైపు వేయండి. పెట్రోల్ కాక్‌లో కార్కు ఉంటే అది ఎండి కుంచించుకుపోతుంది, చుక్కచుక్క కారుతుంది. వారానికి మించి బండి ఆపేటప్పుడు కాక్ మూసి, ఇంజిన్ తనంతట ఆగేదాకా నడపండి, చాంబర్ ఖాళీ అవుతుంది. ట్యాంకు మాత్రం నిండుగా ఉంచండి. సగం ట్యాంకులో ఉన్న గాలిలోని తేమను ఇథనాల్ పీల్చుకుంటుంది, నీరు అడుగుకు చేరి అక్కడే తుప్పు మొదలవుతుంది.

పదిహేను కిలోమీటర్లు బాగా వెళ్లి, దగ్గి ఆగిపోతుంది

ట్యాంకు మూత తీసి చూడండి. 'సుస్' మని గాలి లోపలికి పోయి, వెంటనే బండి స్టార్టయితే మూతలోని గాలిరంధ్రం మూసుకుంది. ట్యాంక్ పాలిష్ మైనం అక్కడ దూరడం మామూలే. సూదితో తీసేయండి. ఖర్చు సున్నా. దీనికే కార్బురేటర్ మార్చేసినవాళ్లు ఉన్నారు.

వేడెక్కాక ఆగుతుంది, చల్లారితే మళ్లీ లేస్తుంది

శ్రీశైలం ఘాట్‌లో, మే నెలలో, ఇద్దరు కూర్చుని ఎక్కేటప్పుడు ఎక్కువగా బయటపడే జబ్బు ఇది. కారణాలు మూడు, మూడింటినీ విడదీయడం తేలికే.

ఆగిన వెంటనే పాయింట్ల మూత తీసి, సహాయకుడితో కిక్ కొట్టిస్తూ పాయింట్ల మధ్య చూడండి. అక్కడే పెద్ద పసుపు మెరుపులు కనిపిస్తే కండెన్సర్ వేడికి చచ్చిపోతోంది. చేతిలో ఇంకోటి ఉంటే పది నిమిషాల పని. పాయింట్ల దగ్గర మామూలుగానే ఉండి ప్లగ్గు దగ్గర స్పార్కు లేకపోతే కాయిల్. చేత్తో ముట్టలేనంత వేడిగా ఉంటే దాదాపు నిర్ధారణ అయినట్టే.

స్పార్కు బాగుండి, కిక్ మాత్రం తేలిగ్గా, ఎదురు లేకుండా దిగిపోతుంటే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. ట్యాపెట్లు (వాల్వులను నెట్టే భాగాలు) బిగుసుకున్నాయి. ఇది చల్లని ఇంజిన్‌తోనే సరిచేయాలి, రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే. సిలిండర్ కింద కుడివైపు ట్యాపెట్ మూత తీసి, కంప్రెషన్ మీద (రెండు వాల్వులూ మూసుకున్నప్పుడు) పిస్టన్ పైన ఉండేలా పెట్టండి. పుష్ రాడ్ (ట్యాపెట్ నుంచి పైకి వెళ్లే కడ్డీ) వేళ్లతో స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆట ఉండకూడదు. అంటే గ్యాప్ సున్నా. ఎగ్జాస్ట్ రాడ్ గట్టిగా పట్టి తిరిగితే అదే మీ దొంగ. శబ్దం పోవాలని ట్యాపెట్లు బిగించే అలవాటు చాలా షెడ్డుల్లో ఉంది. బుల్లెట్ కాస్త టకటకమనడం ఆరోగ్యం, పూర్తిగా నిశ్శబ్దమైతేనే అనుమానించండి.

ఎక్కుడులో ఇంజిన్‌లోంచి గోళీలు గిలకొట్టినట్టు చప్పుడు వస్తే మూడో గేరులోకి దింపండి. నాలుగో గేరులో ఈడ్చడం వల్లే పిస్టన్లు పోతాయి. వేసవి మధ్యాహ్నం గంటకు 60 కిలోమీటర్లు దాటకపోవడం బండికీ మంచిదే, మీకూ మంచిదే.

స్టార్టవ్వగానే నీలం పొగ, బ్రీదర్ (ఇంజిన్ గాలి వదిలే గొట్టం) నుంచి ఆయిల్

ఆయిల్ ట్యాంకులోంచి పంపు గుండా జారి క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది పెట్టె) అడుగుకు దిగింది. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) తీస్తే ఆయిల్ తక్కువ చూపిస్తుంది, మనిషి పరుగెత్తి అర లీటరు పోస్తాడు. అదే పొరపాటు. ఇంజిన్ స్టార్టయ్యాక దిగిందంతా పంపు మళ్లీ ట్యాంకులోకి ఎత్తుతుంది, అదనంగా పోసింది బ్రీదర్ నుంచి రోడ్డు మీదికి వస్తుంది. బండి ఐదు నిమిషాలు నడిపి, ఆపి, అప్పుడు చూడండి. 20డబ్ల్యూ50 ఆయిల్, డిప్‌స్టిక్ పై గీత దాటకుండా.

రెండు నెలలు ఆగితే ఇలా దిగడం వింతేమీ కాదు. వారంలోనే దిగిపోతుంటే టైమింగ్ కవర్‌లోని పంపు డిస్క్ తన సీటు మీద సరిగా ఆనడం లేదు. సన్నని గ్రైండింగ్ పేస్టుతో ఒరిపించి, స్ప్రింగ్ మార్చాలి. పేస్టు ఒక్క రేణువు కూడా మిగలకుండా కడగాలి, కాబట్టి అలవాటున్న చేతికే ఇవ్వండి. అంతదాకా, చాలా రోజులు ఆగిన బండికి ఆయిల్ దించే అడుగు ప్లగ్గు విప్పి దిగిన ఆయిల్ పట్టి, గుడ్డతో వడకట్టి పైన పోసి, ఆ తర్వాత స్టార్ట్ చేయండి.

కిక్ ఎదురు తన్నుతోంది

ఇది బండి జబ్బే, దెబ్బ మాత్రం మోకాలికి. అరవై దాటాక ఒక్క ఎదురుదెబ్బ నెలలు మంచానికి కట్టేస్తుంది, అందుకని దీంతో సర్దుకుపోకండి.

మొదటి కారణం, టైమింగ్ (స్పార్కు పడే క్షణం) ముందుకు జరగడం. పిస్టన్ పైకొచ్చే ముందు 0.8 మి.మీ. దగ్గర, అడ్వాన్స్ బరువులు (వేగం పెరిగేకొద్దీ స్పార్కును ముందుకు జరిపేవి) మూసుకుని ఉన్నప్పుడు, పాయింట్లు తెరుచుకోవడం మొదలవ్వాలి. షెడ్డులో పెట్టించుకున్నా ఈ అంకె మీకు తెలిసి ఉండాలి. రెండో కారణం ఎవరూ చూడనిది: పాయింట్ల ప్లేటు కింద ఉండే అడ్వాన్స్ బరువులు ఆగి ఆగి ఎండిపోయి, తెరుచుకున్న చోటే ఇరుక్కుంటాయి. పాయింట్లను తెరిచే కామ్‌ని వేళ్లతో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే ఇరుసుల మీద ఒక్కో చుక్క ఆయిల్, స్ప్రింగులు సాగి ఉంటే కొత్తవి.

మూడోది మనం కిక్ కొట్టే తీరు. సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టండి. ముందు క్లచ్ పట్టి నాలుగుసార్లు ఉత్తకిక్ కొట్టండి, అతుక్కున్న ప్లేట్లు విడిపోతాయి. తాళం తిప్పి, అమ్మీటర్ ముల్లు మధ్యకొచ్చి కిక్ గట్టిపడే చోటుదాకా నొక్కండి. డీకంప్రెషన్ లీవర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలే చేతి లీవర్) లాగి, ఇంకో బెత్తెడు నొక్కి, కిక్‌ని పూర్తిగా పైకి రానిచ్చి, లీవర్ వదిలేయండి. అప్పుడు ఒక్క పొడవైన తోపు, శరీరం బరువుతో. పాదం మధ్యభాగం కిక్ లీవర్ మీద ఉండాలి, మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. యాక్సిలరేటర్ తిప్పుతూ కొట్టకండి. మూడు కిక్కుల్లో లేవకపోతే ఆగి అమ్మీటర్ దగ్గరికి వెళ్లండి. పదో కిక్కుకు లేచే బండి పదకొండో కిక్కుకు తన్నుతుంది.

గేరు పడదు, లేదా పడి జారిపోతుంది

స్టార్ట్ చేసి మొదటి గేరు వేస్తే 'గర్ర్' మంటే క్లచ్ ప్లేట్లు అతుక్కున్నాయి, ఉత్తకిక్ విద్య మళ్లీ చేయండి. ఎక్కుడులో ఇంజిన్ అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ జారుతోంది. లీవర్ దగ్గర వైరుకు రెండు మూడు మి.మీ. ఆట ఉందా చూడండి. ఉంటే, క్లచ్ ఉండే ప్రైమరీ కేసులో కారు ఆయిల్ పోశారేమో చూడండి. అందులోని జారుడు పదార్థాలు తడి క్లచ్‌కు పడవు, జాసో ఎంఎ గుర్తున్నదే (తడి క్లచ్ బైకులకు సరిపడే ఆయిల్) పోయాలి, లెవెల్ స్క్రూ నుంచి కారేదాకా.

చేతివేళ్లు మొద్దుబారతాయి, తల తిరుగుతుంది

చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారితే అరచేతి అంచున నరం నలుగుతోంది, హ్యాండిల్ మీద బరువు మోపుతున్నారన్నమాట. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మణికట్టు మడిచి పట్టుకుంటున్నారు. లీవర్లను కిందికి తిప్పండి, ముంజేయి నుంచి వేళ్లదాకా ఒకే గీతలో రావాలి. హ్యాండిల్ క్లాంపులు, ఇంజిన్ హెడ్‌ను ఫ్రేమ్‌కు పట్టే బోల్టు బిగించి చూడండి. వదులైన ఆ ఒక్క బోల్టు కంపనాన్ని బాగా పెంచుతుంది. దిగాక కూడా మొద్దు పోకపోతే పానాతో పని లేదు, డాక్టర్ని కలవండి.

బీపీకి మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వేసుకునేవాళ్లు దారిలో ఆగాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. మధ్యాహ్నానికి తల తిరుగుతుంది. 70, 80 కిలోమీటర్లకోసారి ఎలాగూ ఆగండి, చైన్ కూడా చూసుకోవచ్చు.

బ్రేకు అనుకుని గేరు నొక్కారు

ఇంట్లో కొత్త బండి కూడా ఉంటే ఇది తప్పదు. ఈ బుల్లెట్‌కు గేరు కుడికాలు, బ్రేకు ఎడమకాలు. పాత బండి ఎక్కిన రోజు మొదటి రెండు కిలోమీటర్లు ఖాళీ వీధిలో, కావాలని బ్రేకు వేస్తూ తిరగండి. ఒకే రోజు రెండూ మార్చిమార్చి నడపకండి.

టైర్లు చూడటానికి కొత్తగానే ఉన్నాయి

పక్కన నాలుగంకెలు చదవండి. 2316 అంటే 2016లో 23వ వారం. తక్కువ తిరిగే బండికి గీతలు అరగవు, రబ్బరు మాత్రం రాయవుతుంది. ఆరేళ్లు దాటితే లోతు చూడకుండా మార్చేయండి, ట్యూబుతో సహా.

బండి సిద్ధం, కాగితాలు కావు

రిజిస్ట్రేషన్ మొదటి 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు ఫారం 25 పెట్టాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 55 దాటినవాళ్లకు లైసెన్సు కూడా ఐదేళ్లకే ఇస్తారు, ఫారం 1ఎ (ఆరోగ్య ధ్రువపత్రం) మీద డాక్టరు సంతకం కావాలి. లైసెన్సు గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఇవ్వాల్సి వస్తుంది. తనిఖీకి వెళ్లేముందు స్టీరింగ్ హెడ్ మీదున్న చాసిస్ నంబరును కిరోసిన్ గుడ్డతో తుడిచి చదవండి. దాని మీద మందంగా పెయింటు వేయించి ఉంటే గీకకండి, పెయింట్ రిమూవర్‌తో మెత్తబరిచి తీయండి. అంకెల్లో ఒక్క గీత చెరిగినా ఇన్‌స్పెక్టరు సంతకం చేయడు.