ఎండలు ముదరకముందే: మానసిక వ్యాధులకు మందులు వాడేవారి ఇళ్లలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంట్లో ఎవరైనా స్కిజోఫ్రీనియాకో, బైపోలార్ వ్యాధికో, కుదురు, ఏకాగ్రత లేకుండా చేసే ఏడీహెచ్‌డీకో మందులు వాడుతూ ఉంటే, ఉగాది వెళ్లిన వెంటనే ఒకసారి వైద్యుని కలిసి రావాలి; రోహిణి కార్తె వచ్చేదాకా ఆగకూడదు. వడదెబ్బ ఎవరికైనా తగలవచ్చు గాని, ఈ మందులలో కొన్నింటిని వాడేవారికి మిగతావారు తట్టుకోగలిగే ఎండలోనే తగులుతుంది, తగులుతున్న సంగతి వారికి తెలియకపోవచ్చు కూడా. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2021 జూన్ చివర వీచిన వడగాడ్పులకు 619 మంది మరణించారు. ఆ మరణాలను పరిశీలించినప్పుడు స్కిజోఫ్రీనియా ఉన్నవారికి ముప్పు అనేక ఇతర దీర్ఘవ్యాధుల వారికంటే ఎక్కువగా కనిపించింది.

కారణం కొంత వ్యాధిలో ఉంది, కొంత మందులో ఉంది. ఒంటి వేడిని అదుపులో ఉంచే కేంద్రం మెదడులోని హైపోథాలమస్. ఆ పనిలో మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనమైన డోపమైన్‌కు పాత్ర ఉంది. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపైన్ వంటి యాంటీసైకోటిక్ మందులు డోపమైన్ గ్రాహకాలను అడ్డుకోవడం వల్ల భ్రమలు, భ్రాంతులు తగ్గుతాయి, కాని ఆ అదుపు కూడా కొంత సడలుతుంది. క్లోర్‌ప్రోమజైన్‌ను 1952లో పారిస్‌లో మానసిక వ్యాధులకు వాడడానికి ముందు, ఆన్రీ లాబోరీ అనే ఫ్రెంచ్ సైనిక శస్త్రవైద్యుడు దానిని రోగి శరీరాన్ని చల్లబరిచే పద్ధతిలో భాగంగానే ప్రయోగించాడు. చల్లని గదిలో తేలికగా చల్లబడే ఆ శరీరమే రెంటచింతల ఎండలో తేలికగా వేడెక్కుతుంది.

రెండో ఇబ్బంది చెమట. యాంటీసైకోటిక్ మందుల వల్ల వచ్చే వణుకు, కండరాల బిగువు తగ్గడానికి చాలామందికి ట్రైహెక్సీఫెనిడిల్ కూడా రాస్తారు. పాసిటేన్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. చెమట గ్రంథులను పనిచేయించే ఎసిటైల్‌కోలిన్‌ను ఈ మాత్ర అడ్డుకుంటుంది. క్లోజపైన్, క్లోర్‌ప్రోమజైన్‌లకూ ఈ గుణం ఉంది. చెమట పట్టని ఒంటికి ఫ్యాను గాలి పెద్దగా చల్లదనమివ్వదు కాబట్టి, మధ్యాహ్నం తడి తువ్వాలుతో మెడ, చేతులు, వీపు తుడుస్తూ ఉండాలి. ఏళ్ల తరబడి రాసినదే రాస్తూ వచ్చిన చీటీలో పాసిటేన్ ఇంకా అవసరమా అని వైద్యుని అడగడానికి వేసవికి ముందటి నెల మంచి సమయం. అయితే దానిని మీరుగా మానిపించకూడదు.

దాహం వేసినా అడగనివారు, మండుటెండలోనూ మందపాటి చొక్కా విప్పనివారు వీరిలో ఉంటారు. అడిగితే ఇద్దామని చూడకుండా, గంటకొకసారి గ్లాసు మజ్జిగో నీళ్లో చేతికందించాలి. అదుపులేకుండా బిందెలకు బిందెలు తాగే అలవాటున్నవారి విషయంలో మాత్రం రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదముంది గనుక, ఎంత తాగవచ్చో వైద్యునితోనే తేల్చుకోవాలి. ఉపాధి హామీ పనికి వెళ్లేవారు ఉదయం పూటే పని ముగించుకోవాలి. క్లోర్‌ప్రోమజైన్ వాడేవారి చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది, వారికి నిండుచేతుల నూలు చొక్కా తప్పనిసరి. కల్లు చలవ చేస్తుందని తాగిస్తే మత్తు రెట్టింపై, రక్తపోటు పడిపోయి, లేచి నిలబడగానే కూలిపోవచ్చు.

బైపోలార్ వ్యాధికి లిథియం వాడేవారి గురించి నాకు అన్నింటికంటే ఎక్కువ భయం. మేలుచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ: రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు సాధారణంగా ఉంచుతారు, 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. చెమట, వాంతులు, విరేచనాల వల్ల నీరు, ఉప్పు తగ్గినప్పుడు మూత్రపిండాలు సోడియంతోపాటు లిథియాన్నీ పట్టి ఉంచుతాయి. అందుకే వేసవిలో ఉన్నట్టుండి చప్పిడి తిండి మొదలుపెట్టకూడదు. ఒళ్లునొప్పులకు ఊళ్లో వేసే డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రొఫెన్ మాత్ర లిథియాన్ని ఇంకా పెంచుతాయి, పారాసిటమాల్ సరిపోతుంది. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట తడబడడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించాలి.

ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ దారి వేరు. అది డోపమైన్, నార్‌అడ్రినలిన్‌లను పెంచి గుండె వేగాన్ని హెచ్చిస్తుంది, చర్మంలోని రక్తనాళాలను బిగిస్తుంది, ఆకలినీ అలసటనూ మరిపిస్తుంది. అలసట తెలియని పిల్లవాడు మిట్టమధ్యాహ్నం క్రికెట్ ఆపడు; ఆటను సాయంత్రానికి మార్చవలసింది పెద్దలే. అమెరికా నుంచి సెలవులకు పిల్లలను తీసుకువచ్చేవారికి మరో మాట: ఆంఫెటమైన్ రకం మందులు మన మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి, ఇక్కడి దుకాణాలలో దొరుకుతాయనుకోవద్దు, ప్రయాణానికి ముందే అక్కడి వైద్యునితో మాట్లాడాలి.

ఇంత చదివి, ఎండలకు భయపడి మందులు ఆపేస్తే అది వడదెబ్బకు తీసిపోని ప్రమాదం. వ్యాధి తిరగబెడితే మనిషి ఎండలో ఎటు వెళ్లిపోతాడో చెప్పలేము. సందేహముంటే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలి మానస్‌కు, డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు.

ఒళ్లు కాలిపోతూ, మాట తికమకగా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, తడి దుప్పటి కప్పి, చంకలలో, గజ్జలలో మంచుగడ్డలు పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరంతోపాటు కాళ్లూ చేతులూ కర్రల్లా బిగుసుకుపోయి ఉంటే అది యాంటీసైకోటిక్ మందుల వల్ల అరుదుగా వచ్చే, ప్రాణం మీదికి తెచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు; అప్పుడు యాంటీసైకోటిక్ ఇంకొక మోతాదు వేయకూడదు, వాంతులకని మెటోక్లోప్రమైడ్ సూది కూడా వేయించకూడదు, ఎందుకంటే అదీ డోపమైన్‌నే అడ్డుకుంటుంది. క్లోజపైన్ వాడేవారికి జ్వరమొస్తే, ఎండవేడే అనుకోకుండా ఆ మందు తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించవచ్చు గనుక ఆ రోజే వాటిని లెక్కించాలి. వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు రాసిన కాగితం ఆ మనిషి జేబులో ఎప్పుడూ ఉండాలి. అంబులెన్సులో ఎక్కించేటప్పుడు దానిని సిబ్బంది చేతిలో పెట్టండి.