ముందు ఆకు తిప్పి చూడండి

మొక్కకు పురుగు పట్టిందనగానే అందరూ అడిగేది "ఏం కొట్టాలి?" అనే. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడు తోటలోకి వెళ్తే ముందు భూతద్దం తీస్తాను, స్ప్రేయర్ జోలికి పోను. పొద్దున్నే ఒక్కో మొక్కకు రెండు మూడు ఆకులు వెనక్కి తిప్పి చూస్తాను. పేనుబంక, తెల్లదోమ, ఎర్రనల్లి, వాటి గుడ్లు, అన్నీ ఎక్కువగా ఆకు అడుగునే ఉంటాయి. పైనుంచి చూసి మందు కొడితే వాటికి చుక్క కూడా తగలదు.

చూడటం ఎందుకంత ముఖ్యమో నాకు ఒక మందార నేర్పింది. కొమ్మలనిండా తెల్లటి పిండినల్లి. పైపుతో కడిగాను, వేపనూనె కొట్టాను. అయినా కొన్ని మిగిలాయి. మిగతావాటికంటే పెద్దవి, ఒంటిమీద పొడవాటి తెల్ల పోగులు, చకచకా నడుస్తున్నాయి. అన్నిటినీ వేళ్లతో నలిపేశాను. అవి క్రిప్టోలీమస్ అనే పెంకు పురుగు పిల్లలని, పిండినల్లినే తిని పెరుగుతాయని తర్వాత తెలిసింది. నా పని చేసిపెట్టడానికి వచ్చినవాటిని నా చేతులతోనే చంపాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. పిండినల్లి దాదాపు కదలదు. తెల్లగా ఉండి చురుగ్గా తిరుగుతుంటే మాత్రం చెయ్యి ఆపండి.

అక్షింతల పురుగు విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. నున్నగా మెరిసేవి చాలావరకు మన నేస్తాలు. వాటి పిల్లలు నల్లగా, బారుగా, నారింజ మచ్చలతో మొసలి పిల్లల్లా ఉంటాయి, పేనుబంకను తెగ తింటాయి. వంగ మీద మెరుపు లేకుండా, సన్నని నూగుతో, 28 చుక్కలతో కనిపించేది వేరే జాతి. అది ఆకు పచ్చదనాన్ని గీకి తినేసి ఈనెల వల మిగులుస్తుంది. దాన్ని ఏరి సబ్బునీళ్లలో వేయండి. 1888లో కాలిఫోర్నియా నారింజ తోటలు పొలుసు పురుగుతో నాశనమవుతుంటే, ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలిన వెడాలియా అనే అక్షింతల పురుగే వాటిని కాపాడింది. ఆ సంగతి తెలిశాక వీటిమీద నాకు గౌరవం పెరిగింది.

ఇక చేయాల్సిన పనులు. పేనుబంక కనిపిస్తే ముందు చీమలను చూడండి. పేనుబంక వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగులను తరిమేస్తాయి. కుండీ అయితే స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టండి. చెట్టయితే కాండానికి కాగితం చుట్టి దానిమీద జిగురు పూయండి. జిగురు నేరుగా బెరడుకు తగలకూడదు. చీమలు ఆగాక ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టండి, రెండు మూడు రోజులకోసారి. ఆడ పేను జత కట్టకుండానే పిల్లల్ని పెడుతుంది, ఒక్కటి మిగిలినా మళ్లీ గుంపవుతుంది. మెత్తటి కొమ్మలు విపరీతంగా వస్తుంటే నత్రజని ఎరువు తగ్గించండి. పేనుబంకకు ఆ లేత రసమే ఇష్టం.

నీళ్లతో లొంగకపోతేనే వేపనూనె. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు. ముందు నూనెలో కొంచెం ద్రవ సబ్బు కలిపి, తర్వాత నీళ్లు పోయండి, లేకపోతే నూనె పైకి తేలుతుంది. ఒక ఆకు మీద కొట్టి ఒకరోజు ఆగి చూడండి, మాడకపోతే మొక్కంతా కొట్టండి. సాయంత్రమే కొట్టాలి. అప్పటికి తేనెటీగలు గూటికి చేరతాయి. పైగా వేపలో పురుగుల మీద పనిచేసే అజాడిరక్టిన్ అనే పదార్థం ఎండకు త్వరగా విరిగిపోతుంది. మర్నాడు పురుగులు బతికే ఉన్నాయని కంగారు పడకండి. ఈ మందు వాటి తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. అందుకే వారం ఆగి మళ్లీ చూడాలి. కలిపిన మందు అదేరోజు వాడేయండి.

గొంగళి పురుగులకు నేను నమ్మేది చేతినీ టార్చినీ. వాటిలో లద్దెపురుగు అనేది పగలు మట్టిలో దాక్కుని రాత్రి తింటుంది. దాని గుడ్లు ఆకు అడుగున ఒకే ముద్దగా, గోధుమరంగు నూగు కప్పుకుని ఉంటాయి. ఆ ఒక్క ఆకు తుంచితే వందల పురుగులు పోయినట్టే. తోట అంచున ఆముదం వేస్తే ఈ తల్లి పురుగులు ముందు దానిమీద గుడ్లు పెడతాయి, వెతకడం సులువవుతుంది. వంగలో లేత కొమ్మ చివర వాలిపోతే లోపల పురుగు దూరినట్టు. రంధ్రానికి కింద, లోపలి గుజ్జు శుభ్రంగా కనిపించేదాకా కత్తిరించి పారేయండి.

బంతి వాసనకు పురుగులన్నీ పారిపోతాయని చెబుతారు. నేను నమ్మను. దాని వేళ్లు నేలలోని కొన్ని నులిపురుగులను తగ్గిస్తాయి, అది నిజం. కానీ కాయతొలుచు పురుగు బంతి మొగ్గల మీదే ఇష్టంగా గుడ్లు పెడుతుంది. రోజూ ఏరేవాళ్లకు అది మంచి ఎర. ఏరకపోతే పురుగుల పెంపకమే.

కొత్తిమీర, సోంపు మొక్కలు కొన్నిటిని పీకకుండా పూతకు వదలండి. ఆ చిన్న పూల తేనె కోసం సిర్ఫిడ్ ఈగలు (వీటి పిల్లలు పేనుబంకను తింటాయి), పేనుబంక ఒంట్లో గుడ్లు పెట్టే సన్నని కందిరీగలు వస్తాయి. కందిరీగలు వచ్చాయో లేదో పేనుబంక గుంపులోనే తెలుస్తుంది. ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి, కదలక ఆకుకు అతుక్కుపోయిన పేను కనిపిస్తే దానిలో కందిరీగ పిల్ల పెరుగుతోందన్నమాట. ఆ ఆకును తుంచకండి, దానిమీద ఏమీ కొట్టకండి. కొన్నాళ్లకు ఆ పేను వీపున గుండ్రటి కన్నం కనబడుతుంది.