ఉష్ణమండల దేశంలో వాలంటీరుగా – మూడో పాఠం: నీళ్లు, దోమతెర, మొదటి రెండు వారాలు

టీకాలు, మలేరియా మాత్రలు, పెట్టె సర్దుకోవడం గత పాఠంతో అయిపోయాయి. ఈ పాఠం మీరు గదిలో పెట్టె దించిన సాయంత్రం నుంచి మొదలవుతుంది. మర్నాడే పనిలోకి దూకాలనిపిస్తుంది. ఆగండి. ఒంటికి ఎండ అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రెండు వారాల్లో మీ అసలు పని ఇంటిని ఒక దారిలో పెట్టుకోవడమే.

నీళ్లు

ఒక మనిషికి రోజుకి 5 లీటర్ల మంచి నీళ్లు అవసరమని లెక్క వేసుకోండి. తాగడానికి మూడు లీటర్లు, పళ్లు తోముకోవడానికీ కూరగాయలు కడగడానికీ గిన్నెల ఆఖరి తొలుపుకీ రెండు. సాయంత్రం కాచి మూతపెడితే తెల్లారేసరికి చల్లారిపోతాయి. పొద్దున కాస్తే మధ్యాహ్నానికి కూడా గోరువెచ్చగానే ఉంటాయి. దాహం ఆగక ఎవరో ఇచ్చిన నీళ్లు తాగేస్తారు.

ముందు నీళ్లను గాజు గ్లాసులో పోసి వెలుతురుకి ఎత్తి చూడండి. మసకగా ఉంటే కొన్ని గంటలు బకెట్టును కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లను నాలుగు మడతల నూలుగుడ్డతో వడకట్టండి. తర్వాత కాయండి. గిన్నె అడుగున చిన్న బుడగలు లేచినంత మాత్రాన నీళ్లు మరిగినట్టు కాదు. గరిటెతో కలిపినా ఆగకుండా తెర్లుతూ ఉండాలి. అలా మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉన్న చోట్ల నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి 3 నిమిషాలు ఉంచండి. పావుగంట, ఇరవై నిమిషాలు కాయాలని చెప్పేవాళ్లు ఉంటారు. దానివల్ల కట్టెలు కాలడం తప్ప ఒరిగేదేమీ లేదు. కాచిన నీళ్లు చప్పగా అనిపిస్తే ఒక గిన్నెలోంచి ఇంకో శుభ్రమైన గిన్నెలోకి రెండుమూడుసార్లు తిరగపోయండి.

పొయ్యి లేని రోజున వాసన కలపని మామూలు బ్లీచ్ ద్రావణం పనికొస్తుంది. సీసా మీద క్లోరిన్ 5 నుంచి 6 శాతం అని ఉంటే లీటరుకి 2 చుక్కలు, నీళ్లు మసకగా ఉంటే 4. బాగా కలిపి 30 నిమిషాలు ఆగండి. మూత తీసినప్పుడు క్లోరిన్ వాసన కొద్దిగా తగలాలి. తగలకపోతే అంతే మోతాదు ఇంకోసారి వేసి మరో 15 నిమిషాలు ఆగండి. వేడికి బ్లీచ్ బలం తగ్గిపోతుంది. ఎప్పుడో తెరిచిన సీసాను, శాతం రాయని సీసాను నమ్మకండి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌కి లొంగదు కాబట్టి, వీలున్నప్పుడల్లా కాచుకోవడమే మేలు. పింగాణీ క్యాండిల్ ఫిల్టరు బ్యాక్టీరియాను ఆపుతుంది కానీ వైరస్‌లను ఆపలేదు. ఫిల్టరు ఉంది కదా అని కాచడం మానకండి.

పద్ధతంతా సరిగ్గా పాటించినవాళ్లకూ విరేచనాలు పట్టుకోవడానికి కారణం చాలాసార్లు కాచిన తర్వాత జరిగేదే. బిందెలో గ్లాసు ముంచితే వేళ్లూ మునుగుతాయి, అంతటితో కాచిన శ్రమ వృథా. మూత ఉండి, కింద కుళాయి ఉన్న పాత్ర గానీ ఇరుకు మూతి క్యాను గానీ వాడండి. మిగతా పొరపాట్లు చిన్నవిగా కనిపిస్తాయి: పళ్లు తోమే బ్రష్షును కుళాయి కింద తడపడం, కూల్‌డ్రింకులో ఐసుముక్కలు, స్నానం చేస్తూ నోరు తెరవడం.

ఆతిథ్యమిచ్చే ఇంట్లో మంచినీళ్లు ఇస్తే ఏం చేయాలి? మొదటి రోజే ఒకసారి చెప్పేయండి: “నా కడుపుకి ఇంకా ఇక్కడి నీళ్లు అలవాటు కాలేదు” అని. తప్పు మీ కడుపు మీద వేసుకోండి, వాళ్ల నీళ్ల మీద వేయకండి. పొగలు కక్కే టీ ఇస్తే హాయిగా తాగొచ్చు.

విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ పొడి వాడండి. దొరకకపోతే లీటరు కాచిన నీళ్లలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. చెంచాను తలకొట్టి సమంగా కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

దోమతెర

మలేరియా దోమ రాత్రి కుడుతుంది, డెంగీ దోమ పగలు. తెర మొదటిదానికే కాపలా, రెండోదానికి పొడుగు చేతుల చొక్కా, డీట్ (దోమల్ని దగ్గరికి రానివ్వని మందు) ఉన్న లేపనం కావాలి. సన్‌స్క్రీన్ కూడా రాసుకునేట్టయితే అది ముందు, లేపనం తర్వాత.

పైనుంచి ఒకే కొక్కేనికి వేలాడే గొడుగు తెర కంటే నాలుగు మూలలా కట్టే తెర మంచిది. గొడుగు తెర నిద్రలో మోకాలికో మోచేతికో ఆనుకుంటుంది, దోమ బయటే కూర్చుని గుడ్డలోంచి కుట్టేస్తుంది. మందు పట్టించిన కొత్త తెరను ప్యాకెట్ విప్పాక ఒక రోజు నీడలో ఆరేసి కట్టండి. చీకటి పడకముందే అంచులను పరుపు కిందికి దోపండి. పడుకునే ముందు టార్చితో లోపలి మూలలు చూడండి. ఒక్క దోమ లోపల చిక్కితే తెర దానికి భోజనశాల అవుతుంది. చిరుగు పడితే సూదీ దారంతో అప్పుడే కుట్టండి. ఉతికేటప్పుడు తేలిక సబ్బు వాడి నీడలోనే ఆరేయండి, ఎండకి మందు చెడిపోతుంది. ఆ నీళ్లను చెరువులో, వాగులో పారబోయకండి, చేపలు చస్తాయి.

ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన పని చేసేవాళ్లకు ఇంకో మాట. అక్కడ టుంబు ఈగ తడిబట్టల మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు చర్మంలోకి దూరి కురుపులా లేస్తాయి. లోదుస్తులతో సహా బట్టలన్నీ వేడిగా ఇస్త్రీ చేయాలి, ముఖ్యంగా కుట్ల దగ్గర.

ఎండ, జ్వరం

మొదటి వారం బరువు పని పొద్దున పది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత. మూత్రం లేత పసుపులో ఉండేలా తాగండి. అలాగని గంటకి ఒకటిన్నర లీటరు దాటకండి, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. మాట తడబడినా, తికమకపడినా అది వడదెబ్బ. వెంటనే నీడకి చేర్చి ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి, ఆ పని చేస్తూనే వాహనం పిలిపించాలి.

మలేరియా ప్రాంతానికి వచ్చి వారం దాటాక ఏ జ్వరం వచ్చినా ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి, మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నా సరే. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ముట్టకండి, రక్తస్రావం ముప్పు ఉంది.

అభ్యాసం

బయల్దేరకముందే మూడు రోజులు ఇంట్లో 5 లీటర్ల లెక్కతోనే గడిపి చూడండి. ఎక్కడ చాలలేదో, కుళాయి వైపు చెయ్యి ఎన్నిసార్లు వెళ్లిందో నోట్‌బుక్కులో రాసుకోండి. ఒక రాత్రి దీపం ఆర్పేసి టార్చి వెలుగులో తెర కట్టండి. నాలుగో పాఠం వంటిల్లు, చీమలు, బూజు గురించి. దానికి ఆ నోట్‌బుక్కు దగ్గర పెట్టుకోండి.