కొరియా జాంగి నేర్చుకుందాం – 4: మళ్ళీ ఫిరంగి దగ్గరికే

పోయినసారి జాంగి అనే ఈ కొరియా చదరంగంలోని ఫిరంగి పావుని రెండు ముక్కల్లో తేల్చేశాను, అది నా పొరపాటు. మీరు పంపిన ఆటల్లో చాలామంది మొదటి ఎత్తుకే ఫిరంగిని కదిపేశారు. అది కుదరదు! అందుకే ఏనుగు పాఠం పక్కన పెట్టి ముందు దీని సంగతి చూద్దాం.

చైనా చదరంగం ఆడినవాళ్ళకే ఈ చిక్కు ఎక్కువ. అక్కడ ఫిరంగి ఖాళీ దారిలో రథంలా నేరుగా ఎంత దూరమైనా పోతుంది, చంపడానికి మాత్రమే దూకుతుంది. జాంగిలో ఊరికే కదలాలన్నా, చంపాలన్నా మధ్యలో ఒక పావు ఉండాల్సిందే. దాన్ని నేను వంతెన అంటాను. అది మీదైనా ఎదుటివాళ్ళదైనా పర్లేదు, కానీ ఒక్కటే ఉండాలి, అది ఇంకో ఫిరంగి కాకూడదు. ఫిరంగి ఫిరంగిని చంపకూడదు కూడా.

ఆట మొదలయ్యేటప్పుడు బోర్డు చూడండి. నిలువు గీతలు ఎడమ నుంచి 1–9, అడ్డగీతలు మీ వైపు నుంచి 1–10; 2-3 అంటే రెండో నిలువు గీత, మూడో అడ్డగీత కలిసే చోటు. మీ ఎడమ ఫిరంగి 2-3లో ఉంది. ముందుకు చూస్తే తగిలే మొదటి పావు ఎదుటి ఫిరంగి, కుడికి చూస్తే మీ రెండో ఫిరంగి, ఎడమకి ఏమీ లేదు, వెనక పావుంది గానీ దాని అవతల బోర్డే లేదు. నాలుగు దిక్కులూ మూసుకుపోయాయి. ఇప్పుడు 2-1లో గుర్రం ఉంటే దాన్ని 3-3కి తెండి. వంతెన వచ్చింది, ఫిరంగి దాని మీదుగా దూకి రాజు ముందు 5-3లో కూర్చుంటుంది. నా ఆటలు దాదాపు అన్నీ ఇలాగే మొదలవుతాయి.

ఎదుటి ఫిరంగి మీ రాజుకి చెక్ చెప్తే టెన్షన్ పడి రాజుని లాగకండి. వంతెన మీదే అయితే పక్కకి తీసేయండి. లేదా మీ ఫిరంగినే అడ్డం పెట్టండి, ఎదుటి ఫిరంగి దాని మీదుగా దూకలేదు, దాన్ని చంపనూ లేదు, ఇంతకన్నా గట్టి గోడ లేదు.

విలువ చెప్పాలంటే రథానికి 13, ఫిరంగికి 7, గుర్రానికి 5. అయినా పావులు పలచబడ్డాక వంతెనలు దొరకవు, అప్పుడు ఫిరంగి ఇచ్చి గుర్రం తీసుకోవడానికి నేను వెనకాడను.

కోటలోని (రాజు, కాపలావాళ్ళు ఉండే 4–6 నిలువు గీతలు, 1–3 అడ్డగీతల చోటు) ఐమూల గీతల మీద కూడా ఇదే నియమం: నడిమధ్యలో పావుంటే ఒక మూల నుంచి ఎదురు మూలకి దూకొచ్చు.

అభ్యాసం: రాజు 5-2లో, ఇద్దరు కాపలావాళ్ళు 4-1, 6-1లో, ఫిరంగి 4-3లో. బోర్డు మీద మీవి ఇంకేమీ లేవు, ఎదుటివాళ్ళ పావులు దూరంగా ఉన్నాయి, ఈ గీతల మీద లేవు. ఇప్పుడు ఫిరంగికి ఒక్క ఎత్తూ లేదు, ఎందుకో ముందు రాయండి. తర్వాత రాజునో కాపలావాణ్ణో ఒక్కసారి కదిపి, ఫిరంగికి అన్నిటికంటే ఎక్కువ చోట్లు దొరికేలా చేయండి. ఎన్ని చోట్లో లెక్కపెట్టి పంపండి, బోర్డు మీద పెట్టకుండా మనసులోనే చేయాలి.